నారుకి ఏం కొనాలి, ఏం కొనక్కర్లేదు

అందరికీ నమస్కారం. ఫిబ్రవరి చివర, బయట ఇంత చలిలో వంకాయ నారు గురించి వినడానికి ఇంతమంది వచ్చినందుకు చాలా సంతోషం. టైమ్ తక్కువుంది కాబట్టి నేరుగా విషయంలోకి వెళ్ళిపోతాను.

మన సెంట్రల్ న్యూజెర్సీలో రాత్రిపూట ఫ్రాస్ట్, అంటే మొక్కని మాడ్చేసే గడ్డకట్టే చలి, భయం పూర్తిగా పోవాలంటే మే మధ్య దాకా ఆగాలి. అందుకే ఇక్కడ చాలామంది మదర్స్ డే దాటితే గానీ టమాటా మొక్కని బయట పెట్టరు. అక్టోబర్ వచ్చిందంటే మళ్ళీ చలి. ఈ మధ్యలో దొరికే కాస్త వేసవిలో వంకాయ, మిరప బాగా కాయాలంటే మేలో గింజ వేస్తే సరిపోదు, అప్పటికి ఎనిమిది తొమ్మిది వారాల మొక్క మీ చేతిలో ఉండాలి. అంటే వంగ, మిరప గింజలు మార్చి మధ్యలో ఇంట్లోనే వేసెయ్యాలి, టమాటా మార్చి చివర్లో, గోంగూర ఏప్రిల్ మధ్యలో. సొర, బీర, దోస, కాకరలకి తొందర పడకండి, వాటికి మూడు నాలుగు వారాలు చాలు, ముందే వేస్తే తీగలు సాగి ఇల్లంతా అల్లుకుంటాయి. తోటకూర, మెంతి అసలు లోపల పెంచక్కర్లేదు, నేల కాస్త వెచ్చబడ్డాక నేరుగా చల్లుకోవడమే.

ఇక సామాన్ల సంగతి. ఈ నెలలో ఏ స్టోర్‌కి వెళ్ళినా గుమ్మం దగ్గరే రంగురంగుల కిట్లు పేర్చి ఉంటాయి, ట్రే, పైన ప్లాస్టిక్ మూత, నీళ్ళు పోస్తే ఉబ్బే బిళ్ళలు, అన్నీ ఒకే డబ్బాలో. చూడ్డానికి ముచ్చటగానే ఉంటాయి, గింజలు మొలుస్తాయి కూడా. కానీ మొలకెత్తడం ఈ పనిలో తేలిక భాగం. మొలిచిన మొక్కని ఎనిమిది వారాలు బలంగా నిలబెట్టడమే కష్టం, దానికి కావాల్సినవి ఆ డబ్బాలో ఉండవు. నేను గట్టిగా చెప్పేది ఒకటే: మీ డబ్బులో ఎక్కువ భాగం లైటు మీద పెట్టండి, ఆ తర్వాత మొక్క పెరిగే మిశ్రమం మీద. మిగతావన్నీ వంటింట్లో, గరాజ్‌లో దొరుకుతాయి.

లైటు ఎందుకంటే, మార్చిలో మన కిటికీలోంచి వచ్చే వెలుతురు మనిషి కంటికి సరిపోతుందేమో గానీ మిరప మొలకకి సరిపోదు. అది వెలుగు కోసం గాజు వైపు వంగి, దారంలా సాగి, రెండాకులు వచ్చేసరికే తల వాల్చేస్తుంది. అలా సాగిన వంగ మొక్క మేలో బయట పెడితే మొదటి గాలికే విరుగుతుంది. దీనికి ఖరీదైన ఊదారంగు గ్రో లైట్లు అక్కర్లేదు. గరాజ్‌లో పెట్టుకునే నాలుగడుగుల ఎల్ఈడీ షాప్ లైటు చాలు. డబ్బా మీద రెండు అంకెలు చూడండి: రంగు దగ్గర 5000 కె గానీ 6500 కె గానీ ఉండాలి, వెలుతురు దగ్గర 4000 ల్యూమెన్లకి తగ్గకూడదు. నాలుగడుగుల షెల్ఫ్‌కి రెండు లైట్లు పక్కపక్కన గొలుసుతో వేలాడదీయండి, వాటి కింద మామూలు ట్రేలు నాలుగు అడ్డంగా పడతాయి. గొలుసే ఎందుకంటే లైటు మొక్కకి మూడు నాలుగు అంగుళాల ఎత్తులోనే ఉండాలి, మొక్క పెరిగేకొద్దీ లైటునీ పైకి జరపాలి. ఒక టైమర్ కొనుక్కుని రోజుకి 14 నుంచి 16 గంటలు పెట్టి వదిలేయండి, రాత్రి మొక్కకీ చీకటి కావాలి.

మిశ్రమం గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఎక్కువమంది నారు పోయేది ఇక్కడే. పెరట్లో మట్టి తవ్వి తెచ్చి కప్పుల్లో నింపకండి. చిన్న కప్పులో ఆ మట్టి గట్టిపడిపోతుంది, నీరు నిలుస్తుంది, దాంట్లో ఉండే శిలీంద్రాలతో నారుకుళ్ళు వస్తుంది. చూసినవాళ్ళకి గుర్తుంటుంది, సాయంత్రం నిటారుగా ఉన్న మొలక పొద్దున్నకి నేలకి ఆనే చోట కాండం నల్లబడి, సన్నగా నొక్కుకుపోయి, పక్కకి పడిపోయి ఉంటుంది, పై ఆకులు మాత్రం ఇంకా పచ్చగానే ఉంటాయి. ఆ మొక్కని బతికించలేం. స్టోర్‌లో కూడా సంచి మీద పేరు చదివి కొనండి. గార్డెన్ సాయిల్ అని ఉన్నది నేలలో కలపడానికి, కుండీలకి కాదు. నీటిని పట్టి ఉంచుతుందని రాసిన మిశ్రమాలు కూడా మొలకలకి మరీ తడి. సీడ్ స్టార్టింగ్ మిక్స్ అని ఉన్నదే తీసుకోండి.

లేదా కొబ్బరి పొట్టు ఇటుక తెచ్చుకోండి. మన తెలుగు రాష్ట్రాల్లో నీడ వలల కింద నడిపే షేడ్‌నెట్ నర్సరీల్లో మిరప నారు పెంచేది ప్రోట్రేల్లో, అంటే గుంటలున్న ప్లాస్టిక్ ట్రేల్లో, ఈ కొబ్బరి పొట్టులోనే. 650 గ్రాముల ఇటుకని బకెట్‌లో వేసి గోరువెచ్చని నీళ్ళు పోస్తే ఎనిమిది తొమ్మిది లీటర్ల పొట్టు అవుతుంది. కొన్నిటిలో ఉప్పు ఎక్కువ ఉంటుంది, రెండుమూడు సార్లు నీళ్ళు మార్చి కడగండి. మూడు వంతుల పొట్టుకి ఒక వంతు పెర్లైట్, అంటే తెల్లగా తేలిగ్గా ఉండే ఖనిజపు గుళికలు, కలిపి పిడికిట్లో పట్టి పిండండి, నాలుగు చుక్కలు రాలితే తడి సరిపోయింది, ధార కట్టిందంటే ఎక్కువైంది. పొట్టులో పోషకాలు దాదాపు ఉండవు, కాబట్టి మొలకతో పాటే వచ్చే బీజదళాల తర్వాత అసలు ఆకులు రెండు రాగానే ద్రవ ఎరువుని ప్యాకెట్ మీద చెప్పిన దాంట్లో పావు వంతు మోతాదుకి పలచన చేసి వారానికోసారి ఇవ్వాలి.

కప్పుల కోసం డబ్బు తగలేయకండి. పెరుగు కప్పులు, పార్టీల్లో మిగిలిన ప్లాస్టిక్ గ్లాసులు, ఏదైనా సరే అడుగున మూడు నాలుగు చిల్లులుంటే చాలు. గుడ్ల అట్టపెట్టెలు మాత్రం వద్దు, వాటిలో వేరుకి చోటుండదు, ఒక్క పూటలో ఎండిపోతాయి. మొక్కతో సహా నేలలో పాతేసే పీట్ కుండీలు కొంటే నాటేటప్పుడు అంచుని మట్టి లోపలికి పూర్తిగా కప్పెయ్యండి, పైకి కనిపిస్తే లోపలి తడినంతా ఆ అంచే గాలికి లాగేస్తుంది. సొర, బీర లాంటివి వేరు కదిలితే ఊరుకోవు, వాటికి ముందే పెద్ద గ్లాసు ఇచ్చెయ్యండి. ఒక్క ట్రే మాత్రం మందంగా ఉన్నది కొనండి, పల్చటిది నీళ్ళతో ఎత్తగానే మధ్యలో చిట్లి కార్పెట్ పాడవుతుంది. నీళ్ళు ఆ ట్రేలోనే పోయండి, కింద నుంచి పీల్చుకోనిచ్చి అరగంట తర్వాత మిగిలింది వంపేయండి.

ట్రే కింద పరిచి మట్టిని వెచ్చబెట్టే హీట్ మ్యాట్ కొనాలా అని చాలామంది అడుగుతుంటారు. వంగ, మిరప వేసేవాళ్ళయితే కొనండి. వాటికి మట్టి 80 నుంచి 85 డిగ్రీల ఫారెన్‌హీట్ ఉంటే వారం పది రోజుల్లో మొలుస్తాయి, బేస్‌మెంట్ చలిలో మూడు వారాలైనా కదలవు. మొలవగానే మ్యాట్ తీసేయాలి, ప్లాస్టిక్ మూత కూడా అదే రోజు తీసేయాలి, ఆ ఉక్కలో నారుకుళ్ళు ఇంకా తొందరగా వస్తుంది. చిన్న ఫ్యాన్ ఒకటి మెల్లగా తిరుగుతూ ఉంటే కాండం గట్టిపడుతుంది. పేర్లు పెన్సిల్‌తో రాయండి, మార్కర్ ఎండకి వెలిసిపోయి జూన్‌లో ఏది పచ్చి మిరపో ఏది బజ్జీ మిరపో తెలియదు.

ఇక గింజలు. ఇండియా నుంచి సూట్‌కేసులో తెచ్చుకునేవాళ్ళకి ఒక మాట, నాటే గింజలకి తెగుళ్ళు లేవని చెప్పే ఫైటోసానిటరీ సర్టిఫికెట్ గానీ, కొద్ది మొత్తంలో గింజల కోసం అమెరికా వ్యవసాయ శాఖ ఇచ్చే పర్మిట్ గానీ ఉండాలి, ఎయిర్‌పోర్ట్‌లో డిక్లేర్ చేయాలి. ఇదంతా ఎందుకనుకుంటే ఇక్కడే మన కూరగాయల గింజలు అమ్మేవాళ్ళున్నారు, వాళ్ళ దగ్గర కొనండి. పాత ప్యాకెట్లు ఇంట్లో ఉంటే ఈ వారమే పది గింజలు తడి పేపర్ టవల్‌లో చుట్టి, జిప్ కవర్‌లో పెట్టి వెచ్చగా ఉండే చోట ఉంచండి. బెండ గింజ ఒకటి రెండేళ్ళకే బలం పోతుంది, టమాటా, వంగ నాలుగేళ్ళయినా మొలుస్తాయి. పదిలో ఆరు కూడా మొలవకపోతే కొత్త ప్యాకెట్ ఆర్డర్ పెట్టండి, మార్చి మధ్యకల్లా చేతికొచ్చేస్తుంది.