జెఫర్ బిల్డ్ రివ్యూ: లింకర్ దగ్గర ఆగిపోతే తప్పు ఎక్కడ వెతకాలి?

నమస్తే అండీ. ఇవాళ డబ్బాలోంచి తీసి చూపించే వస్తువేమీ లేదు, కంపైలర్‌ని రివ్యూ చేస్తున్నా. అంటే మనం రాసిన సీ కోడ్‌ని చిప్‌కి అర్థమయ్యేలా మార్చేది. దాని వెనకే ఆ ముక్కల్నీ లైబ్రరీల్నీ ఒక ప్రోగ్రాంగా అతికించే లింకర్ కూడా వస్తుంది. నవ్వకండి. బోర్డులతో ఆడుకున్న రోజుల కంటే కంపైలర్‌తో కుస్తీ పట్టిన రోజులే నాకు ఎక్కువ.

టేబుల్ మీద రెండు బోర్డులున్నాయి. ఈ నీలం రంగుది బ్లూ పిల్, ఎస్‌టీఎం32 ఎఫ్103 చిప్. కార్టెక్స్ ఎం3, 64 కేబీ ఫ్లాష్, 20 కేబీ ర్యామ్. పక్కదాని మీద ఎన్‌ఆర్‌ఎఫ్52840. 1 ఎంబీ ఫ్లాష్, 256 కేబీ ర్యామ్, పైగా ఫ్లోటింగ్ పాయింట్ యూనిట్ (దశాంశ సంఖ్యల లెక్కలు చేసే భాగం) ఉన్న కార్టెక్స్ ఎం4. రెండింటి మీదా ఎక్కించేది జెఫర్. 2016 నుంచి లైనక్స్ ఫౌండేషన్ నీడలో పెరుగుతున్న రియల్‌టైమ్ ఓఎస్ అది. దాన్ని రెండు రకాలుగా బిల్డ్ చేశా. ఒకసారి జెఫర్ వాళ్ల సొంత ఎస్‌డీకేతో, అంటే కంపైలర్, లింకర్, లైబ్రరీలు అన్నీ కలిపిన కట్టతో. ఇంకోసారి ఉబుంటులో ఆప్ట్ అనే ఇన్‌స్టాల్ కమాండ్ కొడితే వచ్చే ఆర్మ్ జీసీసీ కంపైలర్‌తో. స్పీడుకి మార్కులు వేయను. ఎక్కడైనా బెడిసికొడితే, ఎక్కడ బెడిసిందో మనకు ఎంత తొందరగా తెలుస్తుంది? నాకు కావలసింది అంతే.

ముందు ఉబుంటుది. డిస్క్‌లో చోటు మిగులుతుందని, రికమెండెడ్ ప్యాకేజీలు వద్దని చెప్పి ఇన్‌స్టాల్ చేశా. ఆ పిసినారితనానికి ఫలితం పది నిమిషాల్లో కనబడింది. మామూలు బేర్‌మెటల్ ప్రోగ్రాం (ఓఎస్ లేకుండా నేరుగా చిప్ మీద నడిచేది) కూడా లింక్ కాలేదు, సీ లైబ్రరీతో పాటు వచ్చే నోసిస్ స్పెక్స్ అనే సెట్టింగ్స్ ఫైల్ చదవలేకపోతున్నా అంది. విషయం ఏంటంటే, డెబియన్, ఉబుంటుల్లో కంపైలర్ ఒక ప్యాకేజీ, సీ లైబ్రరీ అయిన న్యూలిబ్ వేరే ప్యాకేజీ. రెండోది రికమెండెడ్ జాబితాలో ఉంటుంది. నేను వద్దన్నది దాన్నే. లిబ్‌న్యూలిబ్ ఆర్మ్ నన్ ఈఏబీఐ అనే ప్యాకేజీ వేసుకుంటే అక్కడికి సరి.

జెఫర్ ఎస్‌డీకేలో ఈ బాధ లేదు, లైబ్రరీలు లోపలే ఉంటాయి. కాకపోతే పూర్తి బండిల్ డౌన్‌లోడే ఒక జీబీ దాటుతుంది. హాస్టల్ వైఫై మీద, మొబైల్ డేటా మీద బతికేవాళ్లు మినిమల్ బండిల్ తీసుకుని, సెటప్ స్క్రిప్ట్‌కి ఆర్మ్ టూల్‌చైన్ (ఆర్మ్ చిప్‌ల కంపైలర్, లింకర్ సెట్) ఒక్కటే కావాలని చెప్పండి. ఎక్స్‌టెన్సా, రిస్క్‌ఫైవ్ లాంటి వేరే చిప్ రకాలవన్నీ మోసుకు తిరగక్కర్లేదు.

ఎస్‌డీకే వేశాక కూడా అవే పాత ఎర్రర్లు వస్తుంటే? నాకు వచ్చాయి. ఎప్పుడో బ్యాష్‌ఆర్‌సీలో (టెర్మినల్ తెరవగానే చదివే సెట్టింగ్స్ ఫైల్) జెఫర్ టూల్‌చైన్ వేరియంట్ అనే వేరియబుల్‌కి పాత కంపైలర్ పేరు రాసి మర్చిపోయా. కొత్తది పక్కనే ఉన్నా బిల్డ్ పాతదాన్నే పిలుస్తోంది. బిల్డ్ మొదలవగానే, దాన్ని సిద్ధం చేసే సీమేక్ అనే టూల్ చల్లగా ఒక లైను చెబుతుంది, ఫౌండ్ టూల్‌చైన్ అని. ఎరుపు రంగులో ఉండదు కాబట్టి ఎవరం చదవం. చదవండి. ఆ వేరియబుల్ తీసేసి, బిల్డ్ ఫోల్డర్‌ని కూడా చెరిపేయండి, ఎందుకంటే సీమేక్ క్యాష్‌లో పాత పేరే ఉండిపోతుంది. జెఫర్ బిల్డ్ కమాండ్ అయిన వెస్ట్ బిల్డ్‌కి మైనస్ పీ ఆల్వేస్ తగిలించినా అదే పని జరుగుతుంది.

ఇప్పుడు అసలు కథ. జెఫర్ మొదలుపెట్టినవాళ్లలో దీన్ని చూడనివాళ్లు అరుదు. స్క్రీన్ మీద చూడండి: అన్‌డిఫైన్డ్ రెఫరెన్స్ టు, అండర్‌స్కోర్ అండర్‌స్కోర్, డివైస్ డీటీఎస్ ఆర్డ్, 37. మన కోడ్‌లో ఎక్కడా 37 అని రాయలేదు కదా! బోర్డు మీద ఏ హార్డ్‌వేర్ ఉందో చెప్పే జాబితాని డివైస్‌ట్రీ అంటారు, దానికి మన చేర్పులు రాసేది ఓవర్‌లే ఫైల్. నేను చేసిందల్లా ఓవర్‌లే ఫైల్లో బీఎంఈ280 సెన్సార్‌ని ఐ2సీ అనే బస్ కింద పెట్టి, సీ కోడ్‌లో ఆ డివైస్‌ని అడగడం. కంపైల్ శుభ్రంగా అయింది. లింకర్ దగ్గర ఆగిపోయింది.

ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అంటారే, అచ్చం అదే. డివైస్‌ట్రీలో పేరు పెట్టేశాం. ఆ పేరును నమ్మి కంపైలర్ కోడ్ రాసేసింది. కానీ ఆ డివైస్‌ని కనాల్సిన డ్రైవర్ ఫైల్ బిల్డ్‌లోకే రాలేదు. ఎందుకు రాలేదు? కేకాన్ఫిగ్‌లో, అంటే ఏ ఫీచర్లు బిల్డ్‌లోకి రావాలో చెప్పే సెట్టింగ్స్‌లో, సెన్సార్ సబ్‌సిస్టమ్ ఆన్ చేయలేదు కాబట్టి. ప్రాజెక్ట్ కాన్ఫ్ ఫైల్లో కాన్ఫిగ్ సెన్సార్ ఈక్వల్స్ వై అని ఒక్క లైను రాస్తే పోయింది. డివైస్‌ట్రీలో ఆ సెన్సార్ నోడ్ (దాని ఎంట్రీ) స్టేటస్ డిసేబుల్డ్ అని ఉన్నా ఇదే ఎర్రర్ వస్తుంది, అదీ చూసుకోండి.

మరి 37 అంటే ఏ డివైసో ఎలా తెలుస్తుంది? బిల్డ్ ఫోల్డర్‌లో జెఫర్, అందులో ఇంక్లూడ్, అందులో జెనరేటెడ్, అందులో మళ్లీ జెఫర్ (పాత వెర్షన్లలో ఈ చివరిది ఉండదు). అక్కడ డివైస్‌ట్రీ జెనరేటెడ్ అనే హెడర్ ఉంటుంది. దాని మొదట్లోనే పెద్ద కామెంట్, నంబరు, పక్కన నోడ్ దారి, వరసగా. 37 ఎదురుగా ఏముందో చూస్తే చాలు. ఒక మాట, ఈ నంబరు మీ ట్రీని బట్టి మారుతుంది. నాకు 37 వచ్చిన సెన్సార్ మీకు 52 కావచ్చు. కాబట్టి నెట్‌లో నంబరు పట్టుకుని వెతికితే ఇంకెవరిదో సీరియల్ పోర్ట్ బాగుచేసి వస్తారు. అది నేనూ ఒక సాయంత్రమంతా చేశా.

ఇక్కడ ఎస్‌డీకే, ఉబుంటు రెండూ ఒకటే. టూల్‌చైన్ మార్చి లాభం లేదు. చాలామంది ఈ ఎర్రర్ చూసి టూల్‌చైన్ మొత్తం తీసేసి మళ్లీ వేస్తారు. లింకర్ పాపం తన చేతికి వచ్చింది చూసి చెబుతోంది, అంతే.

తర్వాత బ్లూ పిల్ మీద, రీజియన్ ఫ్లాష్ ఓవర్‌ఫ్లోడ్ బై ఇన్ని బైట్స్. ఈ ఎర్రర్ అంటే నాకు ఇష్టం, ఎంత ఎక్కువైందో లెక్కతో సహా చెబుతుంది. షెల్ (బోర్డుకి కమాండ్లు టైప్ చేసే సౌకర్యం) ఆన్ చేసి, లాగింగ్ ఆన్ చేసి, డీబగ్ ఆప్టిమైజేషన్ కూడా అలాగే ఉంచేశా. 64 కేబీలో అవన్నీ ఎక్కడ పడతాయి? ఏది ఎంత తింటోందో చూడ్డానికి రామ్ రిపోర్ట్ అనే టార్గెట్ ఉంది. రామ్ అంటే ఇక్కడ ఆర్ ఓ ఎం అండీ, దేవుడు కాదు. కానీ లింక్ పూర్తయి ఈఎల్‌ఎఫ్ అనే ప్రోగ్రాం ఫైల్ పుడితేనే ఆ రిపోర్ట్ వస్తుంది, ఇక్కడేమో లింకే కాలేదు. నా ఉపాయం ఏంటంటే, అదే ప్రోగ్రాంని పెద్ద బోర్డుకి బిల్డ్ చేసి అక్కడ రిపోర్ట్ తీయడం. అంకెలు కచ్చితంగా అవే రావు గానీ దొంగ దొరుకుతాడు. నా విషయంలో షెల్.

ఎన్‌ఆర్‌ఎఫ్ బోర్డు మీద ఇంకో రకం. ఒక సెన్సార్ కంపెనీ, పేరు చెప్పను, సోర్స్ ఇవ్వకుండా, ముందే కంపైల్ చేసిన డాట్ ఏ లైబ్రరీ ఇచ్చింది. లింకర్ ఏమందంటే, ఇది వీఎఫ్‌పీ రిజిస్టర్ ఆర్గ్యుమెంట్స్ వాడుతోంది, అది వాడట్లేదు అంది. వీఎఫ్‌పీ అంటే ఆ ఫ్లోటింగ్ పాయింట్ యూనిటే. ఏబీఐ అంటే ఫంక్షన్లు విలువల్ని ఇచ్చిపుచ్చుకునే ఒప్పందం. హార్డ్ ఏబీఐలో ఫ్లోట్ (దశాంశ) విలువల్ని ఫ్లోటింగ్ పాయింట్ రిజిస్టర్లలో అందిస్తారు, సాఫ్ట్ పద్ధతిలో మామూలు రిజిస్టర్లలో. ఒకరు కుడిచేత్తో ఇస్తుంటే ఇంకొకరు ఎడమచెయ్యి చాపినట్టు. లైబ్రరీ మీద రీడ్‌ఈఎల్‌ఎఫ్ అనే టూల్‌ని మైనస్ పెద్ద ఏతో నడపండి, ఏబీఐ వీఎఫ్‌పీ ఆర్గ్స్ ట్యాగ్ ఉందో లేదో తెలుస్తుంది. దానికి తగ్గట్టు కేకాన్ఫిగ్‌లో ఎఫ్‌పీయూ, హార్డ్ ఏబీఐ పెట్టుకోవాలి.

సొంతంగా మేక్‌ఫైల్ రాసుకునేవాళ్లకి ఒక్క ముక్క. లైబ్రరీ ఉంది, అందులో ఫంక్షన్ ఉంది, అయినా అన్‌డిఫైన్డ్ అంటుంది. అంగట్లో అన్నీ ఉన్నాయి, అల్లుడి నోట్లో శని. లింకర్ ఎడమ నుంచి కుడికి చదువుతుంది, కాబట్టి లైబ్రరీని అడిగే ఫైలు ముందు, లైబ్రరీ వెనక. ఇక పాత కోడ్‌లో మల్టిపుల్ డెఫినిషన్ అని వస్తే, 2020లో వచ్చిన జీసీసీ 10 గుర్తు తెచ్చుకోండి. హెడర్‌లో ఎక్స్‌టర్న్ లేకుండా రాసిన గ్లోబల్ వేరియబుల్‌ని అప్పటిదాకా చూసీచూడనట్టు వదిలేది, ఆ వెర్షన్ నుంచి వదలట్లేదు.

జెఫర్‌కి కొత్త అయితే ఎస్‌డీకేనే వేసుకోండి. ఉబుంటు జీసీసీ నా మెషిన్‌లో ఉంటుంది, బేర్‌మెటల్‌కి.

ఆ, ఆర్‌డబ్ల్యూఎక్స్ పర్మిషన్స్ అని ఒకటి వస్తుంది, లింకర్ ఉండే బినుటిల్స్ ప్యాకేజీ 2.39 నుంచి. ఒకే మెమరీ భాగాన్ని చదవొచ్చు, రాయొచ్చు, నడపొచ్చు అని ఉందని దాని ఫిర్యాదు. అది వార్నింగే. మైక్రోకంట్రోలర్‌లో దానికి భయపడి బిల్డ్ ఆపక్కర్లేదు. ఇదిగో నాదీ వచ్చింది, వచ్చినా బైనరీ పుట్టింది. ఫ్లాష్ చేస్తున్నా, చూడండి... వెలిగింది.