పదిసార్లు రాయించకండి

(కడపలో ఉపాధ్యాయులు, తల్లిదండ్రుల సభలో చేసిన ప్రసంగ పాఠం)

వేదిక మీది పెద్దలకు, ఇంత ఎండలో వచ్చిన టీచర్లకు, తల్లిదండ్రులకు నమస్కారం. పేరుపేరునా చెప్పడం మర్యాదే గానీ, నాకిచ్చింది ఇరవై నిమిషాలు, సన్మానాలకే పది అయిపోయాయి. శాలువాలు కప్పినవాళ్ళు ఏమీ అనుకోవద్దు.

కరపత్రంలో ‘జ్ఞాపకశక్తి’ అని వేశారు. అక్కడికే వస్తాను. ముందు ఇంపోజిషన్ సంగతి తేల్చుకుందాం. మాట తప్పు రాస్తే పదిసార్లు, పద్యం రాకపోతే ఇరవైసార్లు! పిల్లోడు ఎలా రాస్తాడో పక్కన నిలబడి చూడండి. మొదట పది వరసల్లో ‘వి’ నిలువుగా దింపుతాడు, తర్వాత పది ‘ద్యా’లు, తర్వాత పది ‘ర్థి’లు. ‘విద్యార్థి’ అనే మాట ఒక్కసారి కూడా వాడి తలలోంచి రాలేదు. వేళ్ళు నొప్పి పెట్టాయి, అంతే.

జర్మనీలో ఎబ్బింగ్‌హాస్ అనే మనస్తత్వవేత్త తన మీదే ప్రయోగం చేసుకుని 1885లో పుస్తకం వేశాడు. అర్థంలేని అక్షరాల ముక్కలు కంఠస్థం చేసి, ఎంత మరిచాడో లెక్కగట్టాడు. గంట తిరిగేసరికి సగానికి పైగా పోయింది, ఆ తర్వాత మరుపు నెమ్మదించింది. అంటే పోయేది మొదట్లోనే పోతుంది. మరి ఆపేదెట్లా?

అమెరికాలో రోడిగర్, కార్పికి అనే పరిశోధకులు 2006లో ఇచ్చిన లెక్క వినండి. కాలేజీ విద్యార్థులు రెండు చిన్న పాఠాలు చదివారు. ఒకదాన్ని మళ్ళీ చదివించారు. రెండోదాన్ని చూడకుండా గుర్తున్నంత రాయించారు. ఐదు నిమిషాల తర్వాత అడిగితే మళ్ళీ చదివినదే మేలు: అందులో 81 శాతం గుర్తుంది, చూడకుండా రాసినదాంట్లో 75 శాతం. వారం తర్వాత అడిగితే తారుమారు: మళ్ళీ చదివినది 42, చూడకుండా రాసినది 56. మనం మోసపోయేది ఆ ఐదు నిమిషాల దగ్గరే. చదివిన వెంటనే అప్పజెప్పించుకుని ‘వచ్చేసింది, పో’ అంటాం.

ఇది మనకు కొత్తా? దుర్భాక రాజశేఖర శతావధాని తిరిగిన ప్రొద్దుటూరు ఇక్కడికి ఎంత దూరం? అష్టావధానం చూసినవాళ్ళు గుర్తు తెచ్చుకోండి. ప్రశ్న వేసే ఒక్కో పృచ్ఛకుడికి ఒక్కో ఆవృత్తిలో, అంటే ఒక్కో చుట్టులో, పద్యంలో ఒక్క పాదమే చెబుతాడు అవధాని. మిగతా అందరినీ చుట్టి వచ్చాక రెండో పాదం. ఈలోపు అప్రస్తుత ప్రసంగం చేసేవాడు ఊరుకోడు, గంటలు మోగుతుంటాయి. తిరిగి వచ్చినప్పుడల్లా మొదటి పాదాన్ని మనసులోంచి పైకి తెచ్చుకోవాలి. నాలుగు ఆవృత్తులయ్యాక ధారణ, అంటే పద్యాలన్నీ మొదటినుంచి అప్పజెప్పడం. ఎడం ఇచ్చి తిరిగి తెచ్చుకోవడం, అదే అభ్యాసం. ఆయన చేతికి కాగితం ఇచ్చి ఇరవైసార్లు రాయమన్నవాడు లేడు. అవధానం గురించి మాట్లాడితే నాకు పొద్దు తెలియదు, ఆపుతా.

క్లాసులో చేయాల్సింది చెబుతా. పాఠం అయ్యాక పుస్తకాలు మూయించండి. మూడు నిమిషాలు, గుర్తున్నవి అరపేజీలో రాయమనండి. తర్వాత పుస్తకం తెరిచి, తప్పినవీ వదిలినవీ వేరే రంగు పెన్నుతో వాళ్ళే దిద్దుకోవాలి. ఈ దిద్దుబాటు ఎగ్గొడితే తప్పే స్థిరపడుతుంది. మర్నాడు, మూడు రోజులకు, వారానికి అదే పాఠం మీద రెండేసి ప్రశ్నలు. పరీక్ష దూరంగా ఉంటే ఎడం ఇంకా పెంచండి. ఎక్కడ చెడుతుందంటే, ‘రావట్లేదు సార్’ అనగానే మనం జాలిపడి పుస్తకం తెరవనిస్తాం. ఆ తడుముకునే అర నిమిషంలోనే పని జరిగేది. ఇంకోటి, దయచేసి దానికి మార్కులు వేయకండి. మార్కులంటే పక్కోడి కాగితం చూస్తారు.

‘మావాడు చూసి నేర్చుకునే రకం, మా అమ్మాయి విని నేర్చుకునే రకం’ అంటుంటారు. 2008లో పాష్లర్ అనే మనస్తత్వవేత్త బృందం ఆ పరిశోధనలన్నీ తిరగేసింది. రకానికి తగ్గట్టు బోధిస్తే ఎక్కువ వస్తుందనడానికి సరైన ఆధారం దొరకలేదు. దాని మీద డబ్బు ఖర్చు పెట్టకండి.

నిజమైన తేడా ఇంకోచోట ఉంది. అమ్మా, వెనక వరసలోవాళ్ళు కూడా కాస్త వినండి. నోటితో అడిగితే జవాబులన్నీ చెప్పి, పుస్తకం చేతికిస్తే నీళ్ళు నమిలే పిల్లలున్నారే, డిస్‌లెక్సియా, అంటే చదవడం, రాయడం పట్టుబడని ఇబ్బంది, ఉందేమో చూడాల్సింది వాళ్ళనే. తెలివికీ దానికీ సంబంధం లేదు. కంటి, చెవి పరీక్షలు ముందు చేయించండి. అవి బాగున్నా చదువు సాగకపోతే, చిక్కు ఎక్కువమందిలో శబ్దాన్ని విడగొట్టి అక్షరానికి ముడేయడంలో ఉంటుంది.

తెలుగు లిపి ఆ చిక్కును ఇంకా పెంచుతుంది. ‘ప’కు తలకట్టు విడిగా, ‘వ’కు అతుక్కుని. ‘ద’కూ ‘ధ’కూ కింద చిన్న గీత తేడా. ‘కై’లో గుర్తు పైన ఒక ముక్క, కింద ఒక ముక్క. ‘ప్ర’లో క్రావడి ‘ప’కు ఎడమ పక్క నుంచే మొదలవుతుంది, పలికేది మాత్రం తర్వాత. సోనాలి నాగ్ అనే పరిశోధకురాలు కన్నడ పిల్లల మీద చేసిన పరిశోధనలో, గుణింతాలూ ఒత్తులూ పట్టుబడడానికి ఏళ్ళు పడుతోందని, నాలుగో తరగతిలోనూ ఆ నేర్చుకోవడం సాగుతోందని తేలింది. మన లిపీ అదే తీరు. అందుకని రెండో తరగతిలో ఒత్తు తప్పితే జబ్బనుకోవద్దు. ఐదులోనూ ‘ప’, ‘వ’ తడబడితే ‘చూద్దాంలే’ అని వదలొద్దు.

అలాంటి పిల్లోడికి పదిసార్లు రాయడమంటే ఏమిటో ఇప్పుడు చెప్పండి. మళ్ళీ అక్కడికే వచ్చాను, తప్పదు. ఒక్కో గీతా బొమ్మ చూసి గీసినట్టు గీస్తాడు. నోటితో ‘ప్, ర, ప్ర’ అని విడగొట్టి పలుకుతూ, రోజుకు రెండు మూడు మాటలు చూడకుండా రాయించండి, చాలు. చెప్పే పనులూ తగ్గించండి. మనసు ఒకసారి పట్టుకునేవి ఏడని 1956లో మిల్లర్ అనే మనస్తత్వవేత్త అన్నాడు, నాలుగేనని 2001లో కోవన్ తగ్గించాడు. ‘పుస్తకం తీయ్, 43వ పేజీ, మూడో పేరా, కఠిన పదాలు గీత గీయ్, నోట్సులో దించు’ అంటే మన లెక్కలో ఒక మాట, వాడికి ఐదు పనులు.

2016 వికలాంగుల హక్కుల చట్టంలో డిస్‌లెక్సియా లాంటి అభ్యసన వైకల్యం కూడా ఉంది. పరీక్షలో వెసులుబాటు కావాలంటే పదో తరగతి హాల్ టికెట్ వచ్చాక పరుగులు తీయకండి, ముందే డిస్‌లెక్సియా పరీక్ష చేయించండి. ఆ పరీక్షకు వెళ్ళేటప్పుడు పిల్లల నోటుబుక్కులు తీసుకుపోండి. బోర్డు మీద చూసి దించినవి కాదు, మీరు చెబుతుంటే సొంతంగా రాసిన పేజీలు. ముత్యాల్లాంటి ఇంపోజిషన్ పుస్తకం చూపిస్తే ‘బాగానే రాస్తున్నాడే’ అని తిప్పి పంపుతారు.