భుజం కుట్టు చెప్పే మాట

అందరికీ నమస్కారం.

బీరువా నిండా బట్టలున్నా వేసుకోవడానికి ఒక్కటీ లేదనిపించడం మనలో చాలామందికి అనుభవమే. క్లాసిక్ కొనాలా, ట్రెండీ కొనాలా అని తేల్చుకోలేకే ఇలా అవుతుందని నేను చాలాకాలం నమ్మాను. ఇప్పుడు నాకు ఆ రెంటి మధ్య అంత పెద్ద గోడ కనిపించడం లేదు.

జీన్స్ సంగతే తీసుకోండి. అమెరికాలో రీనో అనే ఊళ్లో జేకబ్ డేవిస్ అనే దర్జీ ఉండేవాడు. కూలిపనికి వెళ్లే తన భర్తకు చిరగని ప్యాంటు కుట్టిపెట్టమని ఒకావిడ ఆయన్ని అడిగింది. జేబు మూలల్లో బరువు పడి కుట్టు ఊడిపోయే చోట ఆయన రాగి రివెట్లు, అంటే మేకుల్లాంటి చిన్న బొడిపెలు, బిగించాడు. తనకు బట్ట అమ్మే లీవై స్ట్రాస్‌తో కలిసి 1873 మే 20న దానికి పేటెంటు తీసుకున్నాడు. మీరు జీన్స్ వేసుకుని వచ్చుంటే జేబు మూల ఒకసారి తడిమి చూడండి, ఆ రివెట్టు చేతికి తగలొచ్చు. అదే జీన్స్ 1970ల్లో మోకాలి కింద గంటలా విచ్చుకుంది, ఆ తర్వాత కాలికి అతుక్కుపోయింది, మళ్లీ వదులైంది. ప్యాంటు క్లాసిక్కే, మారుతూ వచ్చింది కటింగు.

1926లో ఫ్రెంచ్ డిజైనర్ కోకో షానెల్ రూపొందించిన సాదా నల్ల గౌను బొమ్మను వోగ్ అనే ఫ్యాషన్ పత్రిక అచ్చువేసి, దాన్ని ఫోర్డు కారుతో పోల్చింది. అందరికీ పనికొచ్చేదని దాని భావం. ఇప్పుడు మనం క్లాసిక్ అంటున్న ఆ గౌను ఆనాటికి సరికొత్త ఫ్యాషనే!

అందుకే కొనేముందు క్లాసిక్కా, ట్రెండా అని కాదు, నాకు సరిపోతుందా అని భుజం చూస్తాను. చొక్కా భుజం కుట్టు సరిగ్గా భుజం ఎముక అంచు మీదికి రావాలి. నడుము లూజైతే టైలర్ పట్టేస్తాడు, చేతులు పొడవైతే మడిచి కుడతాడు. భుజం సరిచేయాలంటే మాత్రం చేతులు విప్పదీసి మళ్లీ ఎక్కించాలి. డ్రాప్ షోల్డర్ అని కావాలనే కిందికి దించి కుట్టేవి వేరు, వాటి లెక్క వేరు.

మీకేది నప్పుతుందో తెలియాలంటే ఈ నెలలో ఎక్కువసార్లు వేసుకున్నవి నాలుగు తీసి మంచం మీద పరవండి. నా నాలుగూ ముదురు రంగులే, మోచేతిదాకా మడుచుకునే చేతులవే. అవి ఎవరూ మెచ్చుకున్నవి కావు, పొద్దున్నే ఆలోచించకుండా నా చెయ్యి వెళ్లినవి. ట్రెండు మీద మోజు నాకూ ఉంది. కాకపోతే ఇప్పుడు దాన్ని బెల్టులోనో, చెప్పుల్లోనో తీర్చుకుంటున్నాను.

ఒకసారి అందరూ వేసుకుంటున్నారని ఎర్ర జాకెట్టు ఒకటి కొన్నాను. భుజం కుట్టు అంగుళం కిందికి జారింది. టైలర్ పట్టి చూసి, "దీన్ని విప్పితే పాడవుతుంది, ఎవరికైనా ఇచ్చేయండి" అన్నాడు. రెండేళ్లు హ్యాంగరుకే ఉంది. చివరికి మా చెల్లికిచ్చాను. తను వేసుకుని అద్దం ముందు నిలబడితే, కొలతలు తీసి తనకే కుట్టినట్టుంది.