నైసార్ గురించి (అనుకున్నాం)

లత: ఈ వారం నైసార్. ఇస్రో, నాసా కలిసి చేసిన ఉపగ్రహం. 2025 జూలై 30న శ్రీహరికోట నుంచి పోయిందే, అది. మబ్బున్నా చీకటున్నా దాని రాడార్లకి నేల కనిపిస్తుంది. 12 రోజులకోసారి అదే చోటికి వస్తుంది...

శీనన్న: తెల్లారుజామున రొయ్యల గుంటలో ఆక్సిజన్ పడిపోతే, 12 రోజులకొచ్చి చచ్చిన రొయ్యల్ని ఫోటో తీస్తాదా?

లత: వచ్చేశాడు గుంటల కాడికి! పందెం నేనే గెలిచా, మలైకాజా నాకే.

శీనన్న: ఇస్తాలేమ్మా. ఇందుకూరుపేట పక్క గుంటలకి సోలార్ పెడితే జనరేటర్ అక్కర్లేదంటా ఉండారు. ఎట్టా? నీళ్ళలోకి గాలి కొట్టే రెండు హెచ్‌పీ ఏరియేటర్ గంటకి యూనిట్నర తాగతాది. రాత్రి పది గంటలు తిరిగితే పదిహేను యూనిట్లు. కిలోవాట్ ప్యానెల్‌కి రోజుకి వచ్చేది నాలుగు. అదీ పగలు.

లత: నెట్ మీటరింగ్ ఉంది కదన్నా. పగలు లైనుకిచ్చి రాత్రి వాడుకుంటాం.

శీనన్న: బిల్లు తగ్గతాది, కాదన్లా. కరెంటు పోతే? లైన్లో ఓల్టేజీ లేకపోతే సోలార్‌ని లైనుకి కలిపే గ్రిడ్ ఇన్వర్టర్ పట్టపగలైనా ఆగిపోతాది. స్తంభమెక్కినోడికి షాక్ కొట్టకుండా అట్టా చేశారు. జనరేటర్ అమ్ముకున్నోడు మునిగినట్టే.

లత: బ్యాటరీతో హైబ్రిడ్ పెడితే?

శీనన్న: నాలుగు ఏరియేటర్లు ఒకేసారి ఆన్ చేసి చూడు, ట్రిప్పే. మోటార్ ఎత్తుకునేటప్పుడు ఐదారు రెట్లు ఆంప్స్ లాగతాది. టైమర్ రిలే పెట్టి, పది సెకన్లకొకటి ఎత్తుకునేట్టు చెయ్యాల.

లత: నీళ్ళలో ఆక్సిజన్ కొలిచే డీవో సెన్సర్ పెట్టి, లీటరుకి నాలుగు మిల్లీగ్రాములకి పడేముందే ఏరియేటర్లు తిప్పితే సరి.

శీనన్న: దాన్ని తుడిచేదెవరు?

లత: (నవ్వు) తుడుపుడు మొదలు!

శీనన్న: నవ్వుతావే. సెన్సర్ మూతికి జిగురు పడితే ఆ జిగురులో సూక్ష్మజీవులే ఆక్సిజన్ తాగేస్తాయి. గుంటలో 5 ఉంటే 3 చూపిస్తాది, ఏరియేటర్లు ఊరికే తిరగతాయి. వారానికి రెండుసార్లు మెత్తటి గుడ్డ. ఇది కరెంటు దండగే, పోనీలే. సెన్సర్‌లో ఉప్పు సెట్టింగ్ సున్నాలో వదిలేస్తేనే ప్రమాదం. 30 డిగ్రీల మంచినీళ్ళలో ఆక్సిజన్ నిండా ఉంటే 7.5, అదే 20 పీపీటీ, అంటే వెయ్యికి 20 పాళ్ళ ఉప్పున్న నీళ్ళలో 6.7. ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తాది, మనం నిద్రపోతాం.

లత: నైసార్‌లో ఎస్ బ్యాండ్ ఇస్రోది, ఎల్ బ్యాండ్ నాసాది. ఇదొక్కటన్నా చెప్పనీ.

శీనన్న: చెప్పావుగా. సెన్సర్ ఏరియేటర్ ఎదురుగా వేలాడదీయకూడదు, గుంట నేలకి ఒకటిన్నర అడుగు పైన...

లత: టైమైపోయిందన్నా.

శీనన్న: ...ఎదురుగా పెడితే అక్కడి నురగ నీళ్ళే చూస్తాది, అవతల మూల రొయ్యలు తేలతా ఉంటే...

లత: ముందు గుడ్డ తెచ్చుకో. కట్!