స్టీరింగ్‌ని వెనక్కి తెచ్చేది మోటారే అనుకుంటున్నారా?

మలుపు అయిపోయాక చెయ్యి వదులు చేస్తే స్టీరింగ్ దానంతటదే నేరుగా వచ్చేస్తుంది కదా, ఎందుకూ అని ఎవర్నడిగినా ఒకటే జవాబు, పవర్ స్టీరింగ్ ఉంది కదా, దాని మోటారే తిప్పుతుంది అని. అబ్బా, ఎన్నిసార్లు చెప్పాలి! పవర్ స్టీరింగే లేని పాత కార్లలో కూడా అది తిరిగొచ్చేది, మరి అప్పుడెవరు తిప్పారు?

ముందు సూపర్ మార్కెట్ ట్రాలీ ముందు చక్రం గుర్తు తెచ్చుకోండి. బోల్టు ఒక చోట ఉంటుంది, చక్రం నేలకి ఆనేది దానికి కాస్త వెనక. తోస్తే బోల్టు ముందు పోతుంది, చక్రం తోకలా వెనకాల వస్తుంది, అడ్డంగా తిప్పి పెట్టినా రెండడుగులు తోసేసరికి సర్దుకుంటుంది. దానికి మోటారుందా? లేదు కదా.

ఇప్పుడు కారు. మీరు స్టీరింగ్ తిప్పితే దాని కింద ఉండే కాలమ్ అనే కడ్డీ తిరుగుతుంది, దాని చివర పినియన్ అనే చిన్న పళ్ళ చక్రం, అది ర్యాక్ అనే పళ్ళ కడ్డీని పక్కకి జరుపుతుంది, ర్యాక్ రెండు చివరలా ఉన్న టై రాడ్లు చక్రాన్ని పట్టుకున్న నకల్‌ని తోస్తాయి లేదా లాగుతాయి. చాలా కార్లలో స్టీరింగ్ 15 డిగ్రీలు తిప్పితే చక్రం తిరిగేది సుమారు 1 డిగ్రీయే, అందుకే మన చేతి బలం సరిపోతుంది.

ఆ నకల్‌కి పైన స్ట్రట్ (స్ప్రింగూ షాక్ అబ్జార్బరూ ఉన్న కడ్డీ), కింద బాల్ జాయింట్ (అటూ ఇటూ తిరగనిచ్చే గుండు కీలు). ఈ రెండిటినీ కలుపుతూ ఒక గీత ఊహించుకోండి, చక్రం కుడికీ ఎడమకీ తిరిగేది ఆ గీత చుట్టూనే. అది నిలువుగా ఉండదు, పైభాగం కొంచెం వెనక్కి వాలి ఉంటుంది, దాన్నే క్యాస్టర్ అంటారు. నేలదాకా పొడిగిస్తే టైరు ఆనే చోటుకంటే కాస్త ముందు తగులుతుంది. అంటే మళ్ళీ మన ట్రాలీయే! బోల్టు ముందు, చక్రం వెనక. (ట్రాలీలో బోల్టు వాలి ఉండదు, చక్రాన్నే వెనక్కి జరిపి పెడతారు, ఫలితం మాత్రం ఒకటే.)

నమ్మకం లేకపోతే ఆగి ఉన్న కారులో తిప్పి వదిలేయండి, ముందుకి పోతున్నప్పుడు వచ్చినట్టు నేరుగా రాదు, అదే రోడ్డు మీద కదిలితేనే వస్తుంది. రివర్స్‌లో కూడా సరిగ్గా రాదు, ట్రాలీని వెనక్కి లాగితే చక్రం గిర్రున తిరిగిపోవడం చూసే ఉంటారుగా. ఇప్పటి ఎలక్ట్రిక్ స్టీరింగుల్లో మోటారు కూడా తిరిగిరావడానికి కాస్త సాయం చేస్తుంది, ఒప్పుకుంటా, కానీ అసలు పని దానిది కాదు.

అయ్యో టైమ్ అయిపోతోంది, మిగతావి గబగబా. మలుపులో రెండు ముందు చక్రాలూ ఒకే కోణంలో తిరగవు, లోపలి చక్రం చిన్న వలయంలో పోవాలి కాబట్టి అది ఎక్కువ తిరుగుతుంది. దీన్ని అకర్‌మన్ అంటారు, 1818లో ఇంగ్లండ్‌లో పేటెంట్ అకర్‌మన్ అనే ఆయన పేరు మీద వచ్చింది, ఐడియా మాత్రం లాంకెన్‌స్పెర్గర్ అనే జర్మన్ బండ్ల తయారీదారుది, అదీ గుర్రపు బండ్ల కోసం! పాపం ఆయన పేరు ఎవరికీ తెలీదు.

పవర్ స్టీరింగ్‌లో మీరెంత బలం పెడుతున్నారో సెన్సార్ చూస్తుంది, దాన్ని బట్టి మోటారు తోడు తోస్తుంది, పాతవాటిలో ఇంజిన్ నడిపే ఆయిల్ పంపు ఉండేది. కాబట్టి నడుస్తుండగా ఇంజిన్ ఆగిపోతే మామూలు కార్లలో స్టీరింగ్ పోదు, బరువెక్కుతుంది అంతే, గట్టిగా తిప్పండి. కంగారులో తాళంచెవి మాత్రం బయటికి లాగొద్దు, స్టీరింగ్‌ని బిగించేసే కాలమ్ లాక్ పడితే ఇక నిజంగానే తిరగదు.