అమెరికా నుంచి జీపీఏ పంపుతున్నారా? అపోస్టిల్‌తో పని అయిపోదు

నమస్తే అండీ. హైదరాబాద్ శివార్లలో ప్లాటు, మీరేమో డాలస్‌లో. బేరం కుదిరింది, రిజిస్ట్రేషన్‌కి రావడానికి సెలవు లేదు. తమ్ముడి పేరున పవర్ (జీపీఏ, అంటే మీ తరఫున పని చేసే అధికారం ఇచ్చే పత్రం) రాసి పంపాలి. దానికి నోటరీ చేయించి, ఆ నోటరీ సంతకం అసలైనదేనని అక్కడి ప్రభుత్వం ఇచ్చే ధ్రువపత్రం, అంటే అపోస్టిల్, తగిలించాలి. ఆ కాగితం ఇక్కడ చెల్లాలంటే ఏం చేయాలో చూద్దాం.

ముందు డ్రాఫ్టు ఇక్కడి వకీలుతోనో డాక్యుమెంట్ రైటర్‌తోనో రాయించుకోండి. నెట్‌లో దొరికే అమెరికా ఫారాలు మనకి పనికిరావు. ప్లాటు నంబరు, సర్వే నంబరు, గజాలు, నాలుగు హద్దులు, కొన్నప్పటి దస్తావేజు నంబరు, సంవత్సరం, ఏ సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు, అన్నీ పాత దస్తావేజులో ఉన్నది ఉన్నట్టు దిగాలి.

చిక్కంతా పేరు దగ్గరే. దస్తావేజులో ‘కె. వెంకట రమణ’ అని ఉంటుంది. పాస్‌పోర్టులో అదే ‘కె’ పూర్తి ఇంటిపేరై కూర్చుంటుంది. నోటరీ చూసేది పాస్‌పోర్టు, సబ్ రిజిస్ట్రార్ చూసేది దస్తావేజు. అందుకని రెండు పేర్లూ ‘అలియాస్’ పెట్టి, తండ్రి పేరుతో సహా రాయించండి. ఇంకో మాట. అమ్మేది ఒక్క ప్లాటే అయితే దానికి మాత్రమే స్పెషల్ పవర్ ఇవ్వండి. ఎంత సొంత తమ్ముడైనా సరే, ఉన్న ఆస్తులన్నిటి మీదా అధికారం రాసివ్వాల్సిన అవసరం లేదు.

స్టాంపు పేపర్ ఇక్కణ్ణుంచి తెప్పించుకోనక్కర్లేదు, తెల్ల కాగితం చాలు. మీ ఫొటో, పవర్ తీసుకునేవాళ్ల ఫొటో, వేలిముద్రలు, ఇద్దరు సాక్షులు ఉండాలి. కానీ ఇంట్లో ముందే సంతకాలు పెట్టేసి తీసుకెళ్లకండి. రిజిస్ట్రేషన్ చట్టం సెక్షన్ 33 ప్రకారం, విదేశంలో ఉన్నవాళ్లు పవర్‌ని నోటరీ ఎదుటో భారత కాన్సుల్ ఎదుటో రాసిచ్చి ఉండాలి. అమెరికాలో అక్నాలెడ్జ్‌మెంట్‌కి ‘ఈ సంతకం నాదే’ అని చెబితే సరిపోతుంది. మనకి అది చాలదు. ప్రతి పేజీ మీదా నోటరీ కళ్లముందే సంతకం పెట్టండి. ఆయన ఉత్త సీలు కొట్టి వదిలేస్తే ఒప్పుకోకండి. రాష్ట్రం, కౌంటీ, తేదీ, మీ పేరుతో పూర్తి నోటరీ సర్టిఫికెట్ ఉండాలి. అది లేకపోతే అపోస్టిల్ ఆఫీసు వెనక్కి పంపుతుంది.

అపోస్టిల్ ఇచ్చేది నోటరీకి లైసెన్సు ఇచ్చిన రాష్ట్రం. మీరెక్కడ ఉంటున్నారన్నది లెక్కలోకి రాదు. ఇల్లు న్యూజెర్సీలో, నోటరీ చేయించింది న్యూయార్క్‌లో అయితే, న్యూయార్క్‌కే పంపాలి. పైగా అక్కడ ముందు కౌంటీ క్లర్క్ దగ్గర నోటరీ సంతకాన్ని ధ్రువీకరించుకోవాలి. టెక్సస్‌లో ఆ మెట్టు లేదు, నేరుగా సెక్రటరీ ఆఫ్ స్టేట్‌కే, ఫీజు 15 డాలర్లు. కాలిఫోర్నియాలో 20. దరఖాస్తులో ఏ దేశానికి అని అడిగిన చోట ఇండియా అని రాయండి.

తిరిగొచ్చిన కాగితం మీద 1 నుంచి 10 దాకా అంకెలు వేసిన వరసలుంటాయి. రెండో దాంట్లో నోటరీ పేరు కనిపిస్తుంది, మీ పేరు ఎక్కడా ఉండదు. కంగారు పడకండి. అపోస్టిల్ ధ్రువీకరించేది ఆ నోటరీ సంతకాన్ని, హోదాని, సీలుని మాత్రమే. లోపల రాసినదానికి అది పూచీ పడదు. స్కాన్ చేయాలని స్టేపుల్ పిన్ను మాత్రం పీకకండి. పీకితే అంతా మళ్లీ మొదటికే.

అపోస్టిల్ ఒప్పందంలో అమెరికా 1981 నుంచి, మనం 2005 నుంచి ఉన్నాం. కాబట్టి చట్టరీత్యా ఇది చాలు. అయినా అలవాటు కొద్దీ కాన్సులేట్ ముద్ర కావాలనే ఆఫీసులు ఇంకా ఉన్నాయి. వాళ్లతో వాదించి లాభం లేదు. ఏది కావాలో తమ్ముణ్ణి పంపి ముందే కనుక్కోండి.

ఇక చాలామంది మరిచిపోయేది ఇండియాలో చేయాల్సిన పని. స్టాంపు చట్టం సెక్షన్ 18 ప్రకారం, కాగితం ఇక్కడికి చేరిన 3 నెలల్లోపు దానికి స్టాంపు డ్యూటీ కట్టాలి. తమ్ముడు ఒరిజినల్ పట్టుకుని జిల్లా రిజిస్ట్రార్ ఆఫీసుకి వెళ్లి, ఆ డ్యూటీ కట్టి వాలిడేషన్ (కాగితం ఇక్కడ చెల్లేలా ధ్రువీకరణ) చేయించుకోవాలి. గడువు లెక్క కాగితం చేరిన రోజు నుంచి, మీరు సంతకం చేసిన రోజు నుంచి కాదు. అందుకే కొరియర్ కవరు, ట్రాకింగ్ ప్రింటు పారేయకూడదు. చేరిన తేదీకి రుజువు అవే. పవర్ తీసుకున్న మనిషి మీకు ఏమవుతారన్నదాన్ని బట్టి డ్యూటీ మారుతుంది కాబట్టి, బంధుత్వాన్ని డ్రాఫ్టులోనే రాయించండి.

ప్లాటు మీద హోం లోన్ ఉంటే మాత్రం, వకీలు దగ్గరకి వెళ్లేముందే బ్యాంకుకి ఫోన్ చేయండి. వాళ్ల సొంత ఫార్మాట్ ఉందంటే డ్రాఫ్టు అక్కణ్ణుంచే మొదలుపెట్టాలి.