తలుపులు లెక్కపెట్టండి

నమస్కారం.

ఈ మధ్య నాకు ఒక అలవాటు అయింది. కొత్తగా కట్టిన అపార్ట్‌మెంటు ముందు నుంచి నడిచి వెళ్తుంటే పైకి చూడను. ఎన్ని అంతస్తులు వేశారో లెక్కపెట్టను. కింద తలుపులు లెక్కపెడతాను. ఫుట్‌పాత్ మీదికి తెరుచుకునే తలుపులు, ఈ మూల నుంచి ఆ మూల దాకా ఎన్ని ఉన్నాయా అని. పాత భవనాల వరసైతే పది, పన్నెండు వస్తాయి. కొత్తదానికి ఒక్కోసారి మూడే వస్తాయి. పైన ఉండేవాళ్లు వెళ్లే లాబీ తలుపు ఒకటి, సెల్లార్‌లోకి కార్లు దిగే ర్యాంపు ఒకటి, పెద్ద షాపుది ఒకటి. మిగతాదంతా అద్దం, కాకపోతే గోడ.

ఈ పూట ఆ తలుపుల గురించే మాట్లాడదామనుకుంటున్నాను.

ఒక పాత పేటలో పెద్ద అపార్ట్‌మెంటు వస్తోందని తెలియగానే గొడవ ఎక్కడ మొదలవుతుందో మీకు తెలుసు. ఎత్తు దగ్గర. ఇన్ని అంతస్తులా, మాకు ఎండ రాదే, ఇన్ని కార్లు ఎక్కడ పెడతారు, నీళ్లు సరిపోతాయా? ఇవన్నీ అడగాల్సినవే, వాటిని తీసిపారేయడం లేదు. కానీ ఆ హడావిడిలో గ్రౌండ్ ఫ్లోర్ ప్లాను ఎవరూ తిప్పి చూడరు. మనం నడిచేదేమో దాని పక్కనే. పన్నెండో అంతస్తు బాల్కనీ ఎలా ఉందో వీధిలో పోయేవాడికి కనిపించదు. కళ్లెదురుగా ఉండేది మొదటి పదిహేను అడుగులే. కోపెన్‌హాగన్ నగరంలో మనుషులు ఎలా నడుస్తారో, ఎక్కడ ఆగుతారో ఏళ్ల తరబడి నిలబడి చూసి రాసుకున్న యాన్ గేల్ అనే ఆర్కిటెక్ట్ ఉన్నారు. ఆయన గమనించింది కూడా ఇదే. తలుపులూ కిటికీలూ ఎక్కువ ఉన్న చోట మనుషులు నెమ్మదిగా నడుస్తారు, తల తిప్పి చూస్తారు, ఆగుతారు. మూసేసిన గోడ పక్కన వేగం పెంచి వెళ్లిపోతారు.

దీన్ని మీరే లెక్క వేసుకోవచ్చు. మనిషి మామూలుగా నడిస్తే గంటకు సుమారు 5 కిలోమీటర్లు. షాపు 20 అడుగుల వెడల్పుంటే నాలుగైదు సెకన్లకోసారి కొత్తది ఏదో ఒకటి కంటబడుతుంది. అదే 200 అడుగుల పొడవునా ఒకే అద్దం ఉంటే దాదాపు 45 సెకన్లు ఆ అద్దం పక్కనే నడవాలి. 45 సెకన్లు ఏపాటి అనిపిస్తుంది. చీకటి పడ్డాక ఒంటరిగా నడిచిన వాళ్లను అడగండి.

ఇక్కడ ఒక మాట ముందే చెప్పేస్తాను. నేను అపార్ట్‌మెంట్లు వద్దనేవాడిని కాను. మనుషులు వస్తూనే ఉంటారు, వాళ్లకు ఇళ్లు కావాలి. కొత్తవి కట్టకపోతే వచ్చినవాళ్లు కూడా ఉన్న ఇళ్ల మీదే పడతారు, అద్దె పెరుగుతుంది, మొదట ఖాళీ చేసేది తక్కువ జీతం వాళ్లే. న్యూయార్క్‌లో వెస్ట్ విలేజ్ అనే పేట ఉంది. 1961లో నగర పాలకులు దాన్ని పాడుబడ్డ ప్రాంతంగా గుర్తించి పడగొట్టే ఆలోచన చేశారు. అక్కడే హడ్సన్ స్ట్రీట్‌లో కాపురం ఉంటున్న జేన్ జేకబ్స్ అనే రచయిత్రి ఇరుగుపొరుగును కూడగట్టి పోరాడారు, మరుసటి ఏడాది ఆ ప్రతిపాదన వెనక్కి పోయింది. ఆ వీధులు ఇప్పటికీ చక్కగా ఉన్నాయి. కానీ ఇవాళ అక్కడ ఇల్లు కొనాలంటే మామూలు మనిషి వల్ల కాదు, న్యూయార్క్‌లోనే బాగా ఖరీదైన చోట్లలో అదొకటి. కాబట్టి పాతది కాపాడుకోవడం ఒక్కటీ చాలదు. కట్టాలి. కడుతున్నప్పుడు కింద ఏం పెడుతున్నారో చూసుకోవాలి.

జేకబ్స్ చెప్పిన ఇంకో మాట నాకు ఎప్పుడూ గుర్తుంటుంది. పేటలో పాత భవనాలు కొన్నయినా ఉండాలి అనేవారు ఆవిడ. అవి అందంగా ఉంటాయని కాదు. వాటి కట్టుబడి ఖర్చు ఎప్పుడో తీరిపోయింది కాబట్టి తక్కువ అద్దెకు ఇవ్వగలరు, తక్కువ అద్దె ఉంటేనే కొత్తగా వ్యాపారం పెట్టేవాళ్లు ధైర్యం చేస్తారు. కొత్త భవనం మీద అప్పు ఉంటుంది, ఆ అప్పు కంతు షాపు అద్దెలో కలుస్తుంది. చెప్పుల రిపేరు చేసుకునేవాళ్లూ, మిషను పెట్టి బట్టలు కుట్టేవాళ్లూ ఆ అద్దె కట్టలేరు.

సరే, నాకు బాగా ఇష్టమైన ఉదాహరణ ఇప్పుడు చెబుతాను, ఇదొక్కటీ తీరిగ్గా చెబుతాను.

అదే న్యూయార్క్‌లో, మన్‌హట్టన్‌లో, అప్పర్ వెస్ట్ సైడ్ అని ఇంకో పేట ఉంది. పొడవునా అపార్ట్‌మెంట్లే, జనం కిక్కిరిసి ఉంటారు. దాంట్లో కొలంబస్ అవెన్యూ, ఆమ్‌స్టర్‌డామ్ అవెన్యూ అని రెండు వ్యాపార వీధులు, పక్కనే బ్రాడ్‌వే. కొలంబస్, ఆమ్‌స్టర్‌డామ్ వీధుల్లో షాపులు ఎక్కువగా సన్నవే. మన షట్టర్ల లాంటివే అనుకోండి, పక్కపక్కనే, ఒకదానికొకటి ఆనుకుని. రానురాను ఏం జరిగిందంటే, ఒక షాపు లీజు అయిపోతుంది, పక్కదాని లీజూ అయిపోతుంది, పెద్ద మందుల దుకాణాల గొలుసు కంపెనీ వాళ్లో బ్యాంకు వాళ్లో వస్తారు, వరసగా ఉన్న మూడు నాలుగు మడిగెలు కలిపి తీసుకుంటారు, మధ్య గోడలు కొట్టేస్తారు. నాలుగు తలుపులు ఉన్న చోట ఒక్క తలుపు మిగులుతుంది. ఆ ఒక్క తలుపు కూడా బ్యాంకుదైతే సాయంత్రానికి మూతపడుతుంది.

బిల్డింగు యజమాని వైపు నుంచి చూస్తే ఇది తప్పేమీ కాదు. నలుగురి దగ్గర నెలనెలా అద్దె వసూలు చేసే కంటే ఒక్క బ్యాంకు చాలా ఏళ్లకు లీజు రాసి సంతకం పెడితే నిశ్చింత. భవనం మీద అప్పు ఇచ్చినవాళ్లకూ అదే ఇష్టం, పెద్ద పేరున్న కంపెనీ లీజు కాగితం చూపిస్తే అప్పు సులువుగా పుడుతుంది. ఎవరి లెక్క వాళ్లది. అందరి లెక్కలూ సరిగ్గానే ఉన్నాయి, వీధి మాత్రం మారిపోతోంది.

అప్పుడు ఆ పేటవాళ్లు, వాళ్ల కౌన్సిల్ సభ్యురాలు గేల్ బ్రూవర్, నగర ప్రణాళికా విభాగం కలిసి ఒక పని చేశారు. ఫలానా కంపెనీ రాకూడదు అనలేదు. బ్యాంకులు వద్దు అనలేదు. అద్దె ఇంతకు మించకూడదని కూడా అనలేదు. వెడల్పు కొలిచారు. అంతే, టేపు పెట్టి వెడల్పు కొలిచారు. 2012 జూన్‌లో నగర కౌన్సిల్ ఆమోదించిన ఆ నిబంధన ప్రకారం కొలంబస్, ఆమ్‌స్టర్‌డామ్ వీధుల్లో కొత్తగా వచ్చే షాపు రోడ్డు వైపు 40 అడుగులకు మించకూడదు. బ్యాంకైతే 25 అడుగులు. పైన ఇళ్లకు వెళ్లే లాబీ కూడా 25 అడుగులే. స్థలం రోడ్డు వైపు 50 అడుగులో అంతకు మించో ఉంటే, ప్రతి 50 అడుగులకు కనీసం రెండు షాపులు ఉండాలి. బ్రాడ్‌వేలో ముందునుంచే పెద్ద దుకాణాలున్నాయి కాబట్టి అక్కడ బ్యాంకులకూ లాబీలకూ మాత్రమే హద్దు పెట్టారు. అప్పటికే ఉన్న పెద్ద షాపుల్ని ఖాళీ చేయించలేదు. సరుకుల దుకాణాలకు మినహాయింపు ఇచ్చారు, ఎందుకంటే వాటికి చోటు నిజంగానే కావాలి.

నాకు ఇందులో నచ్చింది ఇదే. బ్యాంకు రావచ్చు. లోపల ఎంత లోతైనా పోవచ్చు, మెట్లెక్కి పై అంతస్తులో ఆఫీసు పెట్టుకోవచ్చు, కిందికి దిగి సెల్లార్‌లో లాకర్లు పెట్టుకోవచ్చు. వీధి మీద మాత్రం 25 అడుగులు. మిగతా చోటు పక్కవాళ్లది. ఆస్తి యజమానులు కొందరు అభ్యంతరం చెప్పారు, ఎవరికి ఎంత అద్దెకివ్వాలో మాకు చెప్పడమేంటి, పెద్దవాళ్లు రాకపోతే షాపులు ఖాళీగా పడుంటాయి అన్నారు. ఆ భయం ఉత్తదే అని నేను అనను. అద్దెలు పెరిగితే సన్న షాపు కూడా ఖాళీగానే ఉంటుంది, వెడల్పు నిబంధన అద్దెను తగ్గించదు. ఖాళీ షాపుల సమస్య న్యూయార్క్‌లో చాలా పేటల్లో పెరిగి, 2019లో వేరే చట్టం తెచ్చి, షాపుల యజమానులు ఏది ఖాళీగా ఉందో నగరానికి చెప్పాలని నియమం పెట్టాల్సి వచ్చింది. అయినా తలుపు ఉంటే ఎవరో ఒకరు రేపు అద్దెకు రాగలరు. తలుపే లేకపోతే ఎవరూ రాలేరు.

ఖాళీ షాపులంటే గుర్తొచ్చింది. కొత్త అపార్ట్‌మెంటు కింద ఏళ్ల తరబడి ఖాళీగా ఉన్న షాపు దగ్గరకు వెళ్లి ఎప్పుడైనా లోపలికి చూశారా? అద్దం మీద నవ్వుతున్న మనుషుల పెద్ద ఫొటో అంటించి ఉంటుంది. ఒక మూల అది కాస్త లేచిపోయి ఉంటుంది. అక్కడ కళ్లకు చెయ్యి అడ్డం పెట్టుకుని చూస్తే లోపల నేల కూడా వేసి ఉండదు, ఉత్త కాంక్రీటు. పైనుంచి వైర్లు వేలాడుతుంటాయి. వెనక గోడ ఎక్కడో దూరంగా చీకట్లో ఉంటుంది. నేను అలా చాలాసార్లు నిలబడి చూశాను, చూసిన ప్రతిసారీ ఒకటే అనిపించింది. ఇక్కడ చిన్న షాపు పెట్టాలనుకున్నా కుదరదు. ఇంత లోతు ఎవరికి కావాలి? మధ్యలో గోడ కట్టి రెండు చేద్దామంటే నీళ్ల పైపు ఒక్క చోటే ఉంది. కరెంటు మీటరు ఒకటే ఉంది. రెండో దానికి తలుపు పెట్టే వీలు లేదు, అక్కడ పిల్లరు వచ్చింది.

ఆ పిల్లరు ఎందుకు వచ్చిందో తెలుసా? కింద సెల్లార్‌లో కార్లు తిరగడానికి వీలుగా పిల్లర్లు వేశారు, అవే పైకి వచ్చాయి. అంటే షాపు ఎలా ఉండాలో కార్ల పార్కింగు నిర్ణయించింది. ఎవరూ కావాలని చేసింది కాదు, ఎవరూ పట్టించుకోకపోవడం వల్ల జరిగింది.

ఖాళీగా ఉంది కదా, అద్దె తగ్గించి ఇవ్వొచ్చు కదా అని చాలామంది అడుగుతారు, న్యాయమైన ప్రశ్న. భవనం విలువ దాని అద్దెను బట్టి కడతారు. ఒక షాపు తక్కువ అద్దెకు ఇచ్చి, ఆ అద్దె పదేళ్ల లీజు కాగితం మీదకు ఎక్కిందంటే మొత్తం భవనం విలువ ఆ మేరకు తగ్గుతుంది, దాన్ని చూపించి తెచ్చిన అప్పుకు ఇబ్బంది వస్తుంది. ఖాళీగా ఉంచి, మంచి అద్దె వస్తుందని ఎదురుచూస్తే కాగితం మీద విలువ అలాగే ఉంటుంది. అందుకే ఎదురుచూస్తారు.

ఇప్పుడు పనికొచ్చే మాటకు వస్తాను, సమయం కూడా తక్కువే ఉంది. మీ పేటలో పెద్ద భవనం వస్తోందని తెలిస్తే, ప్లాను చూసే అవకాశం మీకు దొరికితే, బొమ్మల పేజీ దగ్గర ఆగిపోకండి. ఆ రంగు బొమ్మల్లో చెట్లు ఎప్పుడూ పచ్చగానే ఉంటాయి. గ్రౌండ్ ఫ్లోర్ ప్లాను అడగండి. పెన్సిల్ తీసుకోండి. రోడ్డు వైపు గీత మీద తలుపులు ఎన్ని ఉన్నాయో ఒక్కోదానికి ఒక చుక్క పెట్టండి. కార్ల ర్యాంపు ఏ వీధి మీదికి తెరుచుకుంటుందో చూడండి, జనం నడిచే వీధి మీదైతే పక్క వీధికి మార్చమని అడగొచ్చు, చాలాసార్లు మార్చడానికి వీలుంటుంది. పెద్ద షాపుగా గీసింది రేపు రెండు మూడు చేయాల్సి వస్తే ఒక్కోదానికి వేరే నీళ్ల పైపు, వేరే మీటరు ఇచ్చేలా ముందే పెడుతున్నారా అని అడగండి.

ఇంకొక్కటి. ఇది నేను కట్టుబడి పనిలో ఉన్న ఒక స్నేహితుడి దగ్గర నేర్చుకున్నాను, అప్పటిదాకా నాకు తట్టనే లేదు. పొగ గొట్టం. కింద ఎవరైనా వంట చేసి అమ్మాలంటే ఆ పొగ ఎక్కడికి పోతుంది? పైన ఇళ్లున్నాయి. కిటికీలోంచి బయటికి వదిలితే రెండో అంతస్తు వాళ్లు మర్నాడే ఫిర్యాదు పెడతారు, వాళ్ల తప్పు కాదు. గ్రౌండ్ ఫ్లోర్ నుంచి టెర్రస్ దాకా అన్ని స్లాబుల గుండా ఒక గొట్టానికి దారి వదలాలి. కట్టేటప్పుడు వదిలితే చిన్న ఖర్చు. అందరూ ఇళ్లల్లో చేరాక పై అంతస్తుల్లో ఒకరి వంటింట్లోంచో పడగ్గదిలోంచో దారి తీయాలి, దానికి ఎవరు ఒప్పుకుంటారు? ఆ దారి లేకపోతే ఆ భవనం ఉన్నన్నాళ్లూ దాని కింద వేడివేడిగా వండి పెట్టే చోటు ఒక్కటీ రాదు. సాయంత్రం పూట వీధి ముందు మనుషుల్ని నిలబెట్టేది ఎక్కువగా అదే.

ప్లానులో అది చిన్న చతురస్రంలా, మధ్యలో అడ్డగీతతో ఉంటుంది. మెట్ల పక్కనో లిఫ్టు పక్కనో వెతకండి. కనిపించకపోతే అభ్యంతరాల గడువు ముగియకముందే రాసి ఇవ్వండి. స్లాబు పోశాక అడిగి లాభం లేదు.